ఇంటి మరమ్మతు, ఆన్‌లైన్ ఆట, కుటుంబం – మూడింటికీ చోటు ఎలా?



"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. కొత్త ఇల్లు కట్టడం ఒక ఎత్తయితే, మనుషులు నివసిస్తున్న పాత ఇంటిని బాగు చేసుకోవడం మరో ఎత్తు. భువనగిరి చుట్టుపక్కల ఊళ్లలో డంగుసున్నం గోడల ఇళ్లు, గూనపెంకుల ఇళ్లు, సిమెంటు రేకుల ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా తుంటి ఎముక విరిగినా, పక్షవాతం వచ్చినా, ఆపరేషన్ జరిగినా ఆ ఇంటిని రోగికి తగినట్లు మార్చవలసి వస్తుంది. గడప తగ్గించాలి, లెట్రిన్ మార్చాలి, గోడకు పట్టుకునే కడ్డీలు బిగించాలి. డిశ్చార్జి రోజున ఈ మాటలన్నీ మేము మీకు చెప్తాము. మీరూ సరేనని తల ఊపుతారు. కాని మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు "ఇంకా పని కాలేదు సిస్టర్, టైం దొరకలేదు" అనే మాట తరచుగా వింటున్నాము.

ఆ టైం ఎక్కడికి పోతోంది? ఉద్యోగం, పొలం, మగ్గం, ప్రయాణం, రోగి సేవ – ఇవన్నీ నిజమైన కారణాలే. వీటితో పాటు ఈ రోజుల్లో మరొక కారణం చేరింది. అది ఫోనులో ఆడే ఆన్‌లైన్ ఆట. పిల్లలు మాత్రమే ఆడతారని అనుకోవద్దు. ముప్పై, నలభై ఏళ్ల తండ్రులు, గృహిణులు, ఉద్యోగులు కూడా ఆడుతున్నారు. ఆటను తిట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆట, ఇంటి పని, కుటుంబం మూడూ ఒకదానినొకటి మింగకుండా ఎలా చూసుకోవాలో తెలుసుకుందాం.

"ఒక్క నిమిషం" ఎందుకు ఒక్క నిమిషం కాదు?

భోజనానికి పిలిస్తే "ఒక్క నిమిషం" అంటారు. అరగంటయినా రారు. ఇంట్లో వారికి కోపం వస్తుంది. ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి.

పేకముక్కలను బోర్లించి లేవవచ్చు. క్యారమ్ బోర్డును వదిలి రావచ్చు. ఆన్‌లైన్ ఆటను మధ్యలో ఆపడానికి చాలాసార్లు వీలుండదు. ఉదాహరణకు బీజీఎంఐ వంటి ఆటలో ఒక మ్యాచ్‌లో వంద మంది వరకు ఒకేసారి ఆడతారు. నలుగురు ఒక జట్టుగా ఉంటారు. చివరి వరకు నిలిస్తే ఒక మ్యాచ్ సుమారు అరగంట పడుతుంది. మధ్యలో లేస్తే మిగతా ముగ్గురూ నష్టపోతారు. అందుకే ఆడేవారు లేవలేరు. పిలిచేవారికి అది లెక్కచేయకపోవడంలా కనిపిస్తుంది. ఆడేవారికి అది స్నేహితులను మధ్యలో వదిలేయడంలా తోస్తుంది.

కాబట్టి తగవు తీరే మార్గం మ్యాచ్ మధ్యలో లేదు. మ్యాచ్ మొదలుపెట్టే ముందు ఉంది. "ఇది మొదలుపెడితే అరగంట పడుతుంది. ఇప్పుడు అరగంట పాటు నాతో ఎవరికైనా పని ఉందా?" అని ఆడేవారు ముందే అడగాలి. అడగకుండా మొదలుపెట్టకూడదు. అలా అడిగి మొదలుపెట్టినప్పుడు ఇంట్లో వారు కూడా, ప్రాణం మీదకు వచ్చే పని అయితే తప్ప, మధ్యలో లేపకూడదు.

ఈ ఆటలు మనిషిని పట్టి ఉంచేలా తయారు చేయబడ్డాయని కూడా తెలుసుకోవాలి. రోజూ లోపలికి వస్తే ఒక బహుమతి, నాలుగు రోజులు వరుసగా వస్తే పెద్ద బహుమతి, ఈ వారం దాటితే దొరకని వస్తువు – ఇలా ఉంటాయి. ఎప్పుడు గెలుస్తామో తెలియకపోవడం వల్ల "ఇంకొక్కటి" అనిపిస్తుంది. ఇది ఒక్క మనిషి బలహీనత కాదు. ఎవరి మనసైనా ఇలాగే పనిచేస్తుంది. అందుకే "మనసు గట్టిగా పెట్టుకో" అన్న మాట ఒక్కటే చాలదు. ఒక పద్ధతి పెట్టుకోవాలి.

ఒక ఇంటి సంగతి

పేరు, ఊరు చెప్పకుండా ఒక కుటుంబం సంగతి చెప్తాను. తల్లికి డెబ్బై ఏళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. కింద కూర్చోకూడదు, ఇండియన్ లెట్రిన్ వాడకూడదు. కొడుకు మంచివాడు. డిశ్చార్జికి ముందే కమోడు, రెండు స్టీలు కడ్డీలు కొని ఇంట్లో పెట్టాడు. కాని అవి అట్టపెట్టెలోనే ఉండిపోయాయి.

అతను రోజూ రైలులో సికింద్రాబాద్ వెళ్లి పనిచేసి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరేవాడు. అతని చిన్ననాటి స్నేహితులలో ఒకరు భివండీలో మగ్గాల మీద ఉన్నారు, ఒకరు దుబాయిలో ఉన్నారు. అందరూ కలుసుకునే చోటు ఆ ఆట ఒక్కటే. దుబాయి సమయం మనకంటే గంటన్నర వెనుక. అక్కడి స్నేహితుడు డ్యూటీ దిగి, వండుకుని తిని, తొమ్మిదింటికి వస్తే మనకు రాత్రి పదిన్నర. ఆట ముగిసేసరికి ఒంటిగంట, రెండు. తెల్లవారి రైలు. మేస్త్రితో మాట్లాడటానికి, కొలతలు చెప్పడానికి, పని చూడటానికి ఓపిక ఉండేది కాదు. ఆదివారం నిద్రకే సరిపోయేది. భార్య ఒక్కతే అత్తగారిని, ఇద్దరు పిల్లలను, సగం పగలగొట్టిన గోడను చూసుకుంది.

ఒక రాత్రి తల్లి స్నానాల గదిలో లేస్తూ తువ్వాలు వేసే కడ్డీని పట్టుకుంది. అది ఊడి వచ్చింది. ఆమె పడిపోయి మణికట్టు విరిగింది. పక్క గదిలో ఉన్న కొడుకు చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. పిలుపు వినపడలేదు.

మణికట్టుకు కట్టు కట్టించుకోవడానికి వచ్చినప్పుడు కోడలు ఏడుస్తోంది, కొడుకు తల దించుకుని ఉన్నాడు. తల్లి మాత్రం ఇలా అన్నది: "ఆడుకుంటే ఆడుకోనియ్యి సిస్టరమ్మా. దోస్తులు గూడ గావాలె గద. గని నా దిక్కు గూడ జెర జూడుమను."

ఈ తల్లి మాటలో ఈ వ్యాసం సారాంశం అంతా ఉంది. ఆ కుటుంబం ఆటను పూర్తిగా మాన్పించలేదు. స్నేహితులందరితో మాట్లాడి ఆటను ఆదివారం సాయంత్రానికి మార్చుకున్నారు. దుబాయిలో ఉన్న స్నేహితునికి కూడా ఆదివారమే సెలవు. వారం రోజుల్లో మరో రెండు సార్లు, పది గంటలకు ముగిసేలా ఆడుకుంటానని కొడుకు ఒప్పుకున్నాడు. రెండు వారాలలో కమోడు, కడ్డీలు బిగించారు.

అలవాటు ఎప్పుడు వ్యాధి అవుతుంది?

రోజూ ఆడే ప్రతి ఒక్కరూ రోగులు కారు. ఎన్ని గంటలు ఆడుతున్నారు అన్నదానికంటే, ఆట వల్ల జీవితంలో ఏమి పాడవుతోంది అన్నదే ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితా 11వ కూర్పులో "గేమింగ్ డిజార్డర్" అనే రుగ్మతను చేర్చింది. ఆ జాబితాను 2019లో ఆమోదించారు. 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం చూడవలసిన లక్షణాలు మూడు:

1. ఆటపై అదుపు తప్పడం. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతసేపు ఆడాలి, ఎప్పుడు ఆపాలి అన్నది చేతిలో లేకపోవడం.
2. తిండి, నిద్ర, పని, పిల్లలు, బంధువులు అన్నింటికంటే ఆటే ముందుకు రావడం.
3. నష్టం కళ్లకు కనిపిస్తున్నా ఆట కొనసాగించడం లేదా ఇంకా పెంచడం.

ఈ లక్షణాలు సాధారణంగా ఏడాది పాటు ఉండి, కుటుంబం, చదువు, ఉద్యోగం బాగా దెబ్బతిన్నప్పుడే వైద్యులు దీనిని వ్యాధిగా నిర్ధారిస్తారు. లక్షణాలు తీవ్రంగా ఉంటే అంతకంటే ముందే నిర్ధారించవచ్చు. కాబట్టి మీ అంతట మీరే ఎవరికీ "పిచ్చి" అని పేరు పెట్టవద్దు. అలాగని లక్షణాలు కనిపిస్తున్నా "వయసులో ఉన్నాడు, తగ్గిపోతుందిలే" అని సంవత్సరాలు గడపవద్దు.

అశ్రద్ధ ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2009లో దక్షిణ కొరియాలో ఒక జంట ఇంటర్నెట్ కేంద్రంలో గంటల తరబడి ఆడుతూ ఉండగా ఇంట్లో వారి పసిబిడ్డ పోషణ లేక చనిపోయింది. ఆ ఆటలో వారు ఒక బొమ్మ బిడ్డను పెంచుతున్నారు. ఇది చాలా అరుదైన సంఘటన. మన ఇళ్లలో ఇంత దూరం రాదు. కాని పక్క గదిలో మనిషి పిలుస్తున్నా వినపడని స్థితి మన ఇళ్లలోనూ ఉంది.

శరీరం చెప్పే హెచ్చరికలు

నిద్ర: పెద్దవారికి రాత్రి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. పడుకునే ముందు ఉత్కంఠగా ఆడితే మెదడు వెంటనే చల్లబడదు. ఫోను వెలుగు కూడా నిద్రను వెనక్కి నెడుతుంది. నిద్ర చాలని మనిషి మరునాడు నిచ్చెన ఎక్కినా, కట్టర్ మిషన్ పట్టినా, మోటారు సైకిల్ నడిపినా ప్రమాదమే.

కళ్లు: ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్న వస్తువును 20 సెకన్ల పాటు చూడాలి. కళ్లు ఆర్పుతూ ఉండాలి.

మెడ, చేతులు: తల వంచి గంటల కొద్దీ కూర్చుంటే మెడనొప్పి, బొటనవేలు మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి వస్తాయి. నొప్పి మాత్ర వేసుకుని ఆడటం చికిత్స కాదు.

నడుము, కాళ్లు: మ్యాచ్ కాగానే లేచి ఐదు నిమిషాలు నడవాలి. షుగరు, బి.పి. ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. ఆడుతూ అన్నం తినే అలవాటు మానాలి. ఎంత తిన్నామో తెలియదు.

రోగి ఇంటికి రాకముందే చేయవలసిన పనులు

ఇల్లంతా ఒకేసారి బాగు చేయాలని అనుకుంటే ఏ పనీ పూర్తి కాదు. సున్నాలు, రంగులు, హాలు టైల్స్ తరువాత చూసుకోవచ్చు. రోగి మంచం నుండి లెట్రిన్ వరకు ఉన్న దారిని ముందు బాగు చేయండి.

1. కమోడు: కూర్చునే ఎత్తు నేల నుండి 17 నుండి 19 అంగుళాలు ఉండాలి. కూర్చున్నప్పుడు రోగి పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి.
2. పట్టుకునే కడ్డీలు: నేల నుండి సుమారు 33 నుండి 36 అంగుళాల ఎత్తులో బిగించాలి. టైల్ మీద కాక లోపలి గట్టి గోడలోకి బోల్టు దిగాలి. డంగుసున్నం, మట్టి గోడలలో బోల్టు ఆగదు. ఆ చోట ముందుగా సిమెంటు కాంక్రీటు పట్టించాలి. బిగించాక ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి బరువంతా వేసి లాగి చూడాలి. తువ్వాలు కడ్డీ ఆధారం కాదు. వీలైతే దానిని తీసివేయండి.
3. గడప, మెట్టు: చక్రాల కుర్చీకి వాలు కట్టేటప్పుడు ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు ఉండాలి. అంటే ఆరు అంగుళాల మెట్టుకు ఆరు అడుగుల వాలు కావాలి. పొట్టిగా కట్టిన వాలు మెట్టుకంటే ప్రమాదం.
4. తలుపు: చక్రాల కుర్చీ దూరాలంటే కనీసం 32 అంగుళాల ఖాళీ కావాలి. స్నానాల గది తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టండి. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డం పడతారు.
5. వెలుతురు, గంట: మంచం దగ్గర చేతికి అందే స్విచ్చి, రాత్రి వెలిగే చిన్న బల్బు, పిలవడానికి ఒక బెల్లు ఉండాలి. బెల్లు లేకపోతే స్టీలు గ్లాసు, చెంచా అయినా చాలు.

పని జరిగేటప్పుడు జాగ్రత్తలు

దుమ్ము: షాబాదు బండలు, గ్రానైటు, టైల్స్ కోసేటప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరుతుంది. ఉబ్బసం, క్షయ, గుండె జబ్బు ఉన్న రోగిని ఆ రోజుల్లో బంధువుల ఇంటికి లేదా దూరపు గదికి మార్చండి. నీళ్లు పోస్తూ కోయమని మేస్త్రికి చెప్పండి. కోసేవారు మంచి మాస్కు పెట్టుకోవాలి. మెడకు చుట్టుకున్న తువ్వాలు సన్నని దుమ్మును ఆపదు.

రేకులు: పాత సిమెంటు రేకులలో చాలా వాటిలో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. దాని పొగరు పీలిస్తే ఎన్నో ఏళ్ల తరువాత ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్ రావచ్చు. రేకులను పగలగొట్టవద్దు, మిషన్‌తో కోయవద్దు. తడిపి, విరగకుండా దించండి. ముక్కలతో పిల్లలను ఆడనివ్వవద్దు.

పాత రంగు: మన దేశంలో ఇంటి రంగులలో సీసాన్ని 90 పి.పి.ఎం.కు మించరాదని పెట్టిన నిబంధన 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన నూనె రంగులలో సీసం ఎక్కువగా ఉండవచ్చు. పాత తలుపులు, కిటికీలను పొడిగా గీకితే ఆ పొడి చిన్నపిల్లల నోటిలోకి పోతుంది. తడిపి గీకండి, పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచండి.

సున్నం, సిమెంటు: కంట్లో సున్నం పడితే నలపవద్దు. వెంటనే కనురెప్ప తెరిచి శుభ్రమైన నీటిని ధారగా కనీసం 20 నిమిషాలు పోయండి. నెయ్యి, నూనె, పాలు వేయవద్దు. తరువాత ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. ముందు కడగకుండా పరుగెత్తుకు వస్తే దారిలోనే కన్ను పాడవుతుంది. తడి సిమెంటు చర్మాన్ని కూడా కాలుస్తుంది.

సంపు, పిట్టగోడ: మూత లేని నీటి సంపు, పిట్టగోడ లేని స్లాబు – పసిపిల్లలకు ఈ రెండూ ప్రాణాంతకం. పని సగంలో ఆగినా సరే, ఆ రాత్రికి సంపు మీద బరువైన మూత ఉండి తీరాలి. పిల్లవాడిని చూసుకుంటున్న మనిషి చేతిలో ఆట ఉండకూడదు. పసిపిల్లలు మునిగేటప్పుడు కేక వేయరు.

కరెంటు: తడి గోడల మీదుగా తాత్కాలిక వైర్లు లాగవద్దు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి.

నిల్వ నీరు: గోడలకు క్యూరింగ్ పెట్టే డ్రమ్ములు, తొట్లలో డెంగీ దోమ పెరుగుతుంది. వారానికి ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి, రుద్ది ఆరబెట్టండి.

మేకు గుచ్చుకుంటే: సబ్బుతో, ధారగా పోసే నీటితో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమా లేదా అని ఆ రోజే వచ్చి అడగండి.

సమయాన్ని ఎలా పంచుకోవాలి?

ఒక చిన్న లెక్క చూడండి. రోజుకు మూడు గంటల ఆట అంటే నెలకు 90 గంటలు. ఎనిమిది గంటల పని దినాలుగా లెక్కిస్తే పదకొండు రోజులకు పైనే. ఇందులో సగం తగ్గించుకున్నా నెలకు ఐదు పని దినాలకు పైగా మిగులుతాయి. ఒక స్నానాల గది పని చూసుకోవడానికి అది చాలా పెద్ద సమయం.

మీ ఇంటికి తగినట్లు మార్చుకోవడానికి కొన్ని సూచనలు:

1. ఆదివారం పది నిమిషాలు అందరూ కూర్చుని వారం పని కాగితం మీద రాయండి. మేస్త్రి వచ్చే రోజులు, రోగి మందుల వేళలు, డ్రెస్సింగ్ రోజులు, పిల్లల పరీక్షలు, ఆట వేళలు – అన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. ఆటకు కూడా ఒక గీత ఉంటే దొంగచాటుగా ఆడవలసిన పని ఉండదు.
2. ప్రతిరోజూ ఆటకు ముందు ఒక ఇంటి పని పూర్తి కావాలి. పెద్ద పని అక్కరలేదు. కొత్త గోడకు కనీసం వారం రోజులు తడి పెట్టాలి. మన ఎండలకు ఉదయం, సాయంత్రం నీళ్లు కొట్టకపోతే గోడ బీటలు వారుతుంది. నీళ్లు కొట్టాకే ఫోను పట్టుకోవాలని నియమం పెట్టుకోండి.
3. ఆట ముగిసే వేళ ముందుగా నిర్ణయించండి. పది గంటలకు ఆపాలంటే చివరి మ్యాచ్ తొమ్మిదిన్నర తరువాత మొదలుపెట్టకూడదు.
4. ఇంట్లో రోగి ఉన్నప్పుడు రెండు చెవులకూ ఇయర్‌ఫోన్లు వద్దు. ఒక చెవి ఇంటికి ఉంచండి. ఆడే చోటు కూడా పిలిస్తే వినపడే దూరంలో ఉండాలి.
5. రాత్రి రోగిని చూసుకునే బాధ్యత ఎవరిదో స్పష్టంగా రాసుకోండి. "ఎవరో ఒకరు చూస్తారు" అంటే ఎవరూ చూడరు. బాధ్యత ఉన్న రాత్రి ఆట లేదు.
6. భోజనం వేళ అందరి ఫోనులూ పక్కన పెట్టాలి. ఆడేవారి ఫోను ఒక్కటే కాదు, సీరియల్ చూసేవారి టి.వి. కూడా ఆగాలి.
7. ఇంటి ఇల్లాలికి కూడా తనదైన గంట ఉండాలి. భర్తకు ఆట గంట ఉన్నప్పుడు భార్యకు విశ్రాంతి గంట ఉండటం న్యాయం. ఆ గంట రోగిని, పిల్లలను భర్త చూసుకోవాలి.

పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట గుర్తుంచుకోండి. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ వద్దు. రెండు నుండి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించకూడదు. పని జరుగుతోంది కదా అని పసివాడి చేతిలో ఫోను పెట్టి కూర్చోబెట్టడం మన ఇళ్లలో మామూలైపోయింది. తండ్రి ఏది చేస్తే కొడుకు అదే నేర్చుకుంటాడు.

డబ్బు విషయంలో జాగ్రత్త

ఆట ఉచితమే కావచ్చు. లోపల అమ్మే దుస్తులు, ఆయుధాలు, నాణేలు ఉచితం కావు. వారానికి 300 రూపాయలే కదా అనుకుంటే ఏడాదికి 15,600 అవుతుంది. ఇంటి పనికి దాచిన డబ్బు ఉన్న ఖాతా, ఫోనుకు జోడించిన ఖాతా వేరువేరుగా ఉంచండి. యు.పి.ఐ. పిన్ పిల్లలకు చెప్పవద్దు.

డబ్బు పెట్టి ఆడే ఆటలు పూర్తిగా వేరు. అవి కాలక్షేపం కాదు, జూదం. 2017లో తెలంగాణ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి రమ్మీతో సహా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటా డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా దొంగచాటు యాప్‌ల ప్రకటనలు వస్తూనే ఉంటాయి. పోయిన డబ్బును తిరిగి గెలవాలని మళ్లీ పెట్టడం, ఆన్‌లైన్ అప్పులు తీసుకోవడం చాలా ప్రమాదకరం. ఇలాంటిది మీ ఇంట్లో జరిగితే దాచిపెట్టకుండా మాట్లాడండి. ఆన్‌లైన్‌లో మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

ఆడేవారితో ఎలా మాట్లాడాలి?

ఫోను లాక్కుని నేలకేసి కొట్టవద్దు. అందరి ముందు అవమానించవద్దు. మరుసటి రోజు, ఆట లేని వేళ, ప్రశాంతంగా కూర్చుని మాట్లాడండి. "నువ్వెప్పుడూ అంతే" అనవద్దు. "నిన్న రాత్రి అత్తమ్మను నేనొక్కదాన్నే లేపలేకపోయాను, నువ్వు కావాలి" అని చెప్పండి. జరిగిన పనిని, కావలసిన సహాయాన్ని చెప్తే వినేవారికి దారి కనిపిస్తుంది. అతను ఎవరితో ఆడుతున్నాడు, ఆటలో ఏమి నచ్చుతుంది అని కూడా అడగండి. కొందరు అప్పుల బాధ, ఉద్యోగ భయం, తల్లిదండ్రుల జబ్బు వల్ల కలిగిన దిగులు మరిచిపోవడానికే ఆడుతూ ఉంటారు. అలాంటప్పుడు ఆట తీసివేస్తే దిగులు పోదు. దిగులుకు చికిత్స కావాలి.

వార్డులో ఉండే సహాయకులకు ఒక మాట

రాత్రిపూట రోగి పక్కన కూర్చుని నిద్ర ఆపుకోవడానికి కొందరు ఆడుతుంటారు. మీ అలసట మాకు తెలుసు. కాని సెలైన్ అయిపోవడం, సూది ఉన్న చెయ్యి వాయడం, ఆయాసం పెరగడం, రోగి ఒంటరిగా మంచం దిగడానికి ప్రయత్నించడం – ఇవన్నీ ముందుగా చూసేది మీరే. ఇయర్‌ఫోన్లు తీసివేయండి. నిద్ర ఆగకపోతే డ్యూటీ సిస్టర్‌కు చెప్పండి, లేదా కుటుంబంలో మరొకరితో వంతులు వేసుకోండి.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

తాము తగ్గించుకోవాలని రెండు మూడుసార్లు ప్రయత్నించినా వీలు కాకపోతే వైద్యుని సలహా తీసుకోండి. టెలీ మానస్ నంబరు 14416. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఉచిత సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మన జిల్లాలోనే బీబీనగర్ ఎయిమ్స్‌లో, హైదరాబాద్ ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో మానసిక వైద్యులు ఉన్నారు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఫోను, ఆటల వాడకం అదుపు తప్పినవారి కోసం 2014 నుండి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. ఆట ఆపితే చచ్చిపోతానని ఎవరైనా అంటే బెదిరింపు అని తీసిపారేయవద్దు. ఒంటరిగా వదలకుండా వెంటనే సహాయం పిలవండి.

ఈ రోజు ఇంటికి వెళ్లగానే ఒక్క పని చేయండి. మీ రోగి మంచం దగ్గర నుండి లెట్రిన్ వరకు, దీపం వేయకుండా, నెమ్మదిగా నడిచి చూడండి. కాలికి ఏమి తగిలింది, చేతికి ఏ ఆధారం దొరకలేదు అన్నది కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని ఇంట్లో ఆట ఆడేవారి చేతికే ఇచ్చి, "ఇందులో మొదటిది ఎప్పుడు చేద్దాం?" అని అడగండి. వారు చెప్పిన రోజును ఆ కాగితం మీదనే రాసి గోడకు అంటించండి.